సల్ఫేట్ ఎటు పోయింది

సెప్టెంబర్ 9

కుంకుమ భరిణె మళ్లీ నల్లబడింది. శుక్రవారమే చింతపండు వేసి తోమాను. ఇవాళ మంగళవారం. తేజస్విని చూసి, "పాత వెండి కదా అత్తయ్యా, అలాగే ఉంటుంది" అన్నది. నా కోడలు కంప్యూటర్లకు తెలివి నేర్పే ఉద్యోగం చేస్తుంది. వెండికి మాత్రం వయసు మీదపడి నలుపు వస్తుందనుకుంటుంది.

వెండి ఊరికే నల్లబడదు. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండాలి. ప్రొద్దుటూరు ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు ఆ వాయువును తయారుచేసి, పిల్లల చేత లవణాల పరీక్షలు చేయించినదాన్ని. కుళ్లిన కోడిగుడ్డు కంపు. నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మా ఫ్లాటు బి బ్లాకు, మొదటి అంతస్తు. కింద రెండో బేస్‌మెంట్‌లో మురుగు శుద్ధిచేసే ప్లాంటు ఉంది. ఈ పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లో రెండు వందల నలభై కుటుంబాలు కడిగినదీ, వదిలినదీ అక్కడికే చేరి, శుభ్రపడి, మళ్లీ మా ఫ్లష్‌లలోకే వస్తుంది. దాని గాలిగొట్టం సరిగ్గా నా కిటికీ పక్క నుంచి పైకి పోతుంది. ఆరేళ్ల నుంచి ఉన్నాం, ఇంత కంపు ఎప్పుడూ లేదు.

మా అబ్బాయి గిరీష్‌కు చెబితే వినడు. అసోసియేషన్‌కు సెక్రటరీ అయినప్పటి నుంచి నాతో కూడా మినిట్స్ రాసుకుంటున్నట్టే మాట్లాడుతున్నాడు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. నోట్‌బుక్ ఎదురు చెప్పదు.

సెప్టెంబర్ 11

ఈరోజు కూడా. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా కంపు మరీ ఎక్కువ.

సెప్టెంబర్ 12

మోకాళ్లను బతిమాలుకుంటూ బేస్‌మెంట్‌కు దిగాను. ప్లాంటు నడిపే ఓదెలు పరుగున వచ్చాడు. పెద్దపల్లి వైపు మనిషి. భార్య ఎల్లమ్మ ఇక్కడే హౌస్‌కీపింగ్‌లో ఉంది, సాయంత్రాలు మా ఇంట్లో గిన్నెలు తోముతుంది.

"మీరెందుకు దిగిండ్రమ్మా? ఫోన్ జేస్తే నేనే పైకొద్దును గదా."

"నీ ప్లాంటు రోజూ పైకి వచ్చి పలకరించి పోతాంది గానీ, ఏమప్పా ఇది? గాలి మోటరు ఆపేసి కూర్చున్నావా?"

అతను రిజిస్టరు తెచ్చి చూపించాడు. గంట గంటకూ సంతకం. మోటరు నా కళ్ల ముందే తిరుగుతోంది.

"మోటరు తిరుగుతాందమ్మా. గాలి మాత్రం నీళ్లల్లకు పోతలేదు. జూడుండ్రి, ముందట ఎట్ల మసిలేది ఈ తొట్టి, ఇప్పుడు బుడగ లేదు. అడుగున గొట్టాల రంధ్రాలు ఏందో పట్టి మూసుకపోయినట్టున్నయి. ఫికర్ అయితాంది."

అర్థమయ్యేలా చెప్పాను. గాలి అందినంతసేపు మురుగులో మంచి క్రిములు పనిచేస్తాయి. గాలి అందకపోతే అడుగున వేరే జాతి లేస్తుంది. అవి ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌తో బతికి, సల్ఫైడ్ వదులుతాయి. ఆ సల్ఫైడే ఈ కంపు.

"సల్ఫేట్ అంటే?"

"గంధకం కలిసిన ఉప్పు."

"గంత ఉప్పు మన నీళ్లల్లకు యాడికెల్లి వచ్చిందమ్మా?"

బోరు నీళ్లలో కొంచెం ఉంటుందని చెప్పాను. అది నిజమే. ఓదెలు నా ముఖం చూశాడు, తర్వాత రిజిస్టరు చూసుకున్నాడు.

"ఔనమ్మా, బోరు నీళ్లల్ల ఉంటది గావచ్చు" అన్నాడు.

సెప్టెంబర్ 13

లిఫ్ట్ దగ్గర అసోసియేషన్ ప్రెసిడెంటు రాకేశ్ కనిపించాడు. పేపర్లో వచ్చిన నా ఫోటోను లాబీలో ఫ్రేము కట్టించి పెట్టించానని చెప్పాడు. వెళ్లి చూశాను. "వినాయకుడిని కరిగించిన రసాయన బామ్మ" అట. మా వైపు అవ్వ అంటారు. అయినా బాగానే పడింది, చీర మడత కూడా చెదరలేదు.

కుర్రాళ్లు ధూల్‌పేట నుంచి ఎనిమిదడుగుల ప్లాస్టర్ విగ్రహం తెచ్చేశాక, ఇక చెరువు పాడుచేయకుండా ఉండే దారి చెప్పింది నేనే. తొట్టిలో నీళ్లు, అమ్మోనియం బైకార్బొనేట్. ప్లాస్టర్ కరుగుతుంది, సుద్ద అడుగున పేరుకుంటుంది, పైన తేరిన నీళ్లు మొక్కలకు ఎరువు. ఐదో రోజు నిమజ్జనం అలాగే చేశాం. పాఠంలో తప్పులేదు. తర్వాత, పిల్లలెవరైనా తొట్టిలో పడతారని ఐదు రోజులకే ఆ నీళ్లన్నీ ఎవరో మురుగు తూములోకి వదిలేశారట. నేను చెప్పింది మొక్కలకు.

సెప్టెంబర్ 16

కంపుకు అసోసియేషన్ వారి చికిత్స వచ్చింది. గోడకు తగిలించే సెంటు యంత్రాలు. పది నిమిషాలకోసారి గులాబీ చిమ్ముతాయి. ఇప్పుడు గులాబీ తోటలో గేదె చచ్చిపడినట్టుంది.

గిరీష్‌తో అన్నాను: "సెంటు కొడితే సల్ఫైడ్ పారిపోదురా. దాని పక్కన నిలబడుతుంది, అంతే."

"మా, రెసిడెంట్స్‌కు ఏదో ఒకటి చేస్తాండామని కనపడల్ల కదా."

"కనపడటానికైతే నువ్వే పోయి ఆ గొట్టం పక్కన నిలబడు."

మనవరాలు ప్రియాంక నవ్వింది. వాడు నవ్వలేదు. ఇరవై ఎనిమిదిన జనరల్ బాడీ మీటింగు ఉందనీ, అజెండాలో మొదటి విషయం ఓదెలనీ చెప్పాడు. మోటరు ఆపి నిద్రపోతున్నాడని రాకేశ్ అనుమానమట. కంపు తగ్గకపోతే తీసేస్తారు.

సెప్టెంబర్ 19

మధ్యాహ్నం కాగితం మీద లెక్క వేశాను. విగ్రహం నూట నలభై కిలోలు. అందులో సల్ఫేట్ ఎనభై కిలోలకు కాస్త తక్కువ. అంతా కరగాలంటే బైకార్బొనేట్ ఆరు బస్తాలు కావాలి. ఆరు అని చీటీ రాసిచ్చాను. దుకాణంలో మూడే ఉన్నాయని కుర్రాళ్లు మూడే తెచ్చారు. పేపరు వాళ్లు వచ్చే రోజు అది, సరేలే అన్నాను.

అంటే సగం ప్లాస్టర్ కరగలేదు. దాని లోపల కొబ్బరి పీచు కూడా ఉంటుంది. ఆ ముద్ద తూములోంచి పోయి ప్లాంటు తొట్టి అడుగున, గాలి గొట్టాల రంధ్రాల మీద పరుచుకుంటే గాలి ఆగుతుంది. గాలి ఆగిన చోటనే కావలసినంత సల్ఫేట్. ఆ క్రిములకు అంతకు మించిన పెళ్లిభోజనం ఎవరూ పెట్టి ఉండరు.

కాగితం చింపేశాను. లెక్కలో తప్పేమీ లేదు.

సెప్టెంబర్ 20

ఓదెలును పిలిచి సున్నం సంగతి చెప్పాను. నీళ్లలో క్షారగుణం పెరిగితే సల్ఫైడ్ వాయువుగా మారి బయటకు రాదు, నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. రోగం పోదు గానీ కంపు అణుగుతుంది. ఎన్ని డబ్బాలు వేయాలో, ఎంత సేపటికోసారి వేయాలో రాసిచ్చాను.

"రాకేశ్ సార్‌ను అడుగొద్దా అమ్మా?"

"వద్దు. వాళ్లు అడ్డం పడతారు. నేను చెప్పినానని కూడా అనొద్దు."

ఇదంతా అతని కోసమే. మీటింగు లోపల కంపు తగ్గితే అతని ఉద్యోగం నిలుస్తుంది.

సెప్టెంబర్ 22

కంపు లేదు! రెండు రోజులుగా సెంటు ఒక్కటే. గులాబీ అంత నీచమైన పువ్వని ఇన్నాళ్లూ తెలియదు. ఓదెలు కింద నుంచి చేయి ఊపాడు. కాలేజీలో ప్రయోగం కుదిరిన రోజున ఉండే సంతోషం.

సెప్టెంబర్ 25

కంపు లేదు. పొద్దుటి నుంచి కిటికీ తెరిచే కూర్చున్నాను.

ప్రియాంక స్కూలు నుంచి వచ్చి ముక్కు మూసుకుంది. "నానమ్మా, నీ ముక్కు పనిచేయట్లేదా?"

ఈ వాయువు లక్షణాల్లో ఇదొకటి. ముందు ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన రావడం లేదంటే వాయువు లేదని కాదు. ఏటా పిల్లల చేత ఎర్రసిరాతో కింద గీత గీయించేదాన్ని.

సెప్టెంబర్ 28, ఆదివారం

మీటింగు. క్లబ్ హాలులో ముందు వరుసలో నాకు చేతుల కుర్చీ వేశారు.

ఓదెలు నిలబడ్డాడు. బేస్‌మెంట్ కెమెరాలో అతను సున్నం బస్తాలు మోస్తున్న దృశ్యం రాకేశ్ తెర మీద వేయించాడు.

"ఎవరిని అడిగి వేశావ్ ఇది?"

"ఎవలను అడుగలే సార్."

"ఎవరు చెప్పారు మరి?"

"ఎవలు చెప్పలే. నాకే అనిపిచ్చింది."

"నీకే అనిపించిందా? కెమిస్ట్రీ ఏమైనా చదువుకున్నావా?"

"లేదు సార్. ఏడో తరగతి."

హాలంతా నవ్వింది. ఓదెలు నా వైపు చూడలేదు. ఒక్కసారైనా చూడలేదు. రాకేశ్ నా వైపు తిరిగాడు.

"మన మధ్యే నిపుణురాలు ఉన్నారు. మేడం, మీరు చెప్పండి. ఇలా సున్నం వేయొచ్చా?"

మైకు నా చేతికిచ్చారు.

"మోతాదు తెలియకుండా వేయకూడదు" అన్నాను.

చేతులెత్తమన్నారు. ఎత్తారు. ఓదెలును ఒకటో తేదీ నుంచి రావద్దన్నారు.

సెప్టెంబర్ 29

మోతాదు తెలియకుండా వేయకూడదు. సరైన మాటే. ఏ పుస్తకం తీసినా అదే ఉంటుంది.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. క్లబ్ హాలు ముందు తంగేడు, గునుగు రాశులు పోశారు. ఎల్లమ్మ గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని గుమ్మంలో నిలబడింది.

"రేపటి సంది నేను గూడ రాను అమ్మా. చెప్పి పోదామని."

"నిన్ను తీసేయలేదు కదా?"

"ఆయనను దొంగ లెక్క నిలబెట్టినకాడ నేనెట్ల చీపురు పడుత?"

ఏదో ఒకటి అనాలి కదా, అన్నాను: "బాధపడొద్దు. మీ ఆయనకు ఇంకోచోట దొరుకుతుంది."

"దొరుకుతదమ్మా. గబ్బుకేం తక్కువ ఈ ఊర్ల."

నాకన్నా పదునైన నోరు ఈ ఇంట్లో ఉందని ఆరేళ్లకు తెలిసింది.

అక్టోబర్ 8

కొత్త కాంట్రాక్టరు ట్యాంకర్లు తెచ్చి తొట్టి ఖాళీ చేయించాడు. అడుగున మోకాలి లోతు తెల్లటి ముద్ద. ఓదెలు వేసిన సున్నం గడ్డకట్టిందని రాకేశ్ ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాడు. కింద నూట పది మంది కోపం బొమ్మలు పెట్టారు. సున్నానికీ ప్లాస్టర్‌కూ తేడా తెలియనివాళ్లు నూట పదిమంది. తెలిసినదాన్ని ఒకతెను.

మధ్యాహ్నం గిరీష్ నల్ల కవరొకటి తెచ్చి నా గదిలో పెట్టి, తలుపు దగ్గరగా వేశాడు.

"ఏందిరా అది?"

"నువ్వే చూడు మా."

తొండం. జానెడు ముక్క. ఎర్రరంగు కొంచెం మిగిలే ఉంది. చివర చుట్టిన తొండంలో ప్లాస్టర్ ఉండ్రాయి చెక్కుచెదరకుండా ఉంది.

"రాకేశ్ దిగకముందే చూసి తీసేసినా. ఎవరికీ తెలీదు."

"నీకెట్లా తెలిసింది, అది నా పనేనని?"

"తూములోకి వదలమని నువ్వు ఓదెలుకు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నా కదా మా."

అప్పటి దాకా నా తల్లో అది "ఎవరో". పదమూడో తేదీన అలాగే రాసుకున్నాను, తిప్పి చూశాను. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

జరిగింది రాస్తాను. ఓదెలు గడ్డపార పట్టుకుని నిమజ్జనం తొట్టి పక్కన నిలబడి, "అమ్మా, అడుగున గడ్డలు కరగలే. పీచు గూడ ఉన్నది. ఇవి ప్లాంటుకు పోతే రంధ్రాలు మూసుకపోతయేమో" అన్నాడు. ఏడో తరగతి చదివినవాడు అన్నాడు ఆ మాట. మళ్లీ వచ్చిన పేపరు ఫోటో అతను తొట్టి ఖాళీగా కావాలన్నాడు, వెలుతురు పోతోందని తొందరపెట్టాడు. నేను చీర మడత సర్దుకుంటూ, "ఎరువే కదప్పా, వదిలేయ్" అన్నాను.

గిరీష్‌ను అడిగాను: "మీటింగులో ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు చెప్తావనుకున్నా."

వాడు లేచి పోయాడు. తొండం ఇంట్లో ఉంది. చెత్తలో వేయడానికి లేదు. చెరువులో వేయకూడదని ఊరంతటికీ చెప్పింది నేనే.

అక్టోబర్ 12

బోరబండ పోయాను. స్టేషన్ అవతల ఇరుకు సందులో ఓదెలు వాళ్ల కిరాయి గది. కుర్చీ ఒక్కటే. నన్ను కూర్చోబెట్టి ముగ్గురూ నిలబడ్డారు. ఓదెలు, ఎల్లమ్మ, ఇంటర్ రెండో ఏడు చదివే కూతురు రజిత. గోడకు పేపరు ముక్క అంటించి ఉంది. నా ఫోటో.

"అది పేపర్ల వచ్చినప్పటి సంది బిడ్డ మిమ్ముల గురించే ముచ్చట" అన్నాడు ఓదెలు. "మా బిల్డింగుల మేడం గట్ల, గిట్ల అని. తను గూడ కెమిస్ట్రీ సదువుతదట."

ఆ ఫోటో ముందు కూర్చుని మొత్తం చెప్పాను. గడ్డలు, బస్తాలు, సున్నం, మైకు. ఓదెలు తల వంచుకుని విన్నాడు.

"నాకు ఎరుకే అమ్మా. తొట్టిల తెల్లది తేలిననాడే సమజైంది."

"మరి చెప్పలేదేం?"

"ఎట్ల చెప్తనమ్మా? గోడకు మీ ఫోటో ఉండె."

ఎల్లమ్మ స్టవ్ వైపు తిరిగి టీ గిన్నె ఎత్తి మళ్లీ అక్కడే పెట్టింది. రజిత నోట్‌బుక్కు తెచ్చి ప్లాస్టర్ కరిగే సమీకరణం రాయించుకుంది. రాసి, పెన్ను కొరుకుతూ చూసింది.

"మేడం, సుద్ద అడుగుకు పోతది, సరే. మరి సల్ఫేట్ ఎటు పోతది?"

"ఊకో బిడ్డా" అన్నాడు ఓదెలు.

"నీళ్లలోనే ఉంటుంది" అన్నాను.

"మరి గా సంగతి మీకు ముందే తెలుసు గదా?"

ముప్పై ఒక్క ఏళ్లు అవతలి బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నలు అడిగినదాన్ని. తెలుసు అన్నాను. ఆ పిల్ల నోట్‌బుక్కు మూసేసింది. గోడ వైపు కూడా చూడలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

మళ్లీ మీటింగు. నేనే లేచి మైకు అడిగాను. తొండం బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. గిరీష్ ముఖం ఎర్రబడింది గానీ ఆపలేదు. ఓదెలును తిరిగి తీసుకోవాలన్నాను.

రాకేశ్ లేచి చేతులు జోడించాడు.

"చూశారా, పెద్దవాళ్ల మనసంటే ఇది! పేదవాడి మీద జాలితో తప్పు తన మీద వేసుకుంటున్నారు."

చప్పట్లు. నిలబడి మరీ కొట్టారు.

"జాలి కాదు నాయనా, కెమిస్ట్రీ" అన్నాను. ఇంకా గట్టిగా కొట్టారు. ఓదెలు స్థానంలో కాంట్రాక్టరు మనిషి వచ్చాడనీ, ఏడాదికి సంతకాలైపోయాయనీ రాకేశ్ నెమ్మదిగా చెప్పాడు. వచ్చే ఏడాది నిమజ్జనం కూడా నా పర్యవేక్షణలోనే అని తీర్మానించారు.

ఇంటికొచ్చాక గిరీష్, "మినిట్స్‌లో ఏమని రాయాల మా?" అని అడిగాడు. నేను చెప్పినది చెప్పినట్టు రాయమన్నాను. ఏం రాశాడో అడగలేదు.

నవంబర్ 3

ఓదెలుకు సర్టిఫికెట్ రాసిచ్చాను. అసోసియేషన్ కాగితం మీద గిరీష్ సంతకం, ముద్ర. కింద నా డిగ్రీలు, నా సంతకం. రెండే వాక్యాలు. మొదటిది అతని పని గురించి. రెండోది నా గురించి. రాస్తుంటే చాలా రోజుల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది.

నవంబర్ 17

ఓదెలు వచ్చాడు. గుమ్మం దాటలేదు. సర్టిఫికెట్ నాలుగు మడతల మీద నలిగిపోయింది. మదీనాగూడలో, ఇంకా మూడు చోట్ల చూపించాడట.

"మొదటి లైన్ చదివి మంచిగనే ఉన్నరమ్మా. రెండోది చదివినంక, ఆడ ఏమో లొల్లి అయినట్టుంది, మాకెందుకు పరేషాన్ అంటాండ్రు. లొల్లి ఉన్న మనిషిని ఎవలు పెట్టుకుంటలేరు."

"అది నిజం కదా ఓదెలూ."

"నిజమేనమ్మా." కాగితాన్ని అరచేత్తో సాపు చేశాడు. "జర ఆ లైన్ తీసి ఇంకోటి రాసిస్తరా? మదీనాగూడోళ్లు రేపు పొద్దుగాల రమ్మన్నరు."

కూర్చుని మళ్లీ రాశాను. "ఓదెలు ఆరేళ్లు మా ప్లాంటు నడిపారు, నమ్మకస్తుడు, పని తెలిసినవాడు." గిరీష్ సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు. ఓదెలు రెండుసార్లు చదువుకుని, దండం పెట్టి పోయాడు. నాకు, దండం.

పాత కాగితం నా దగ్గరే ఉండిపోయింది. దాంట్లో రెండో వాక్యం ఇక ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"ఆగస్టు నెలాఖరున కరిగించిన విగ్రహం ముద్దను ప్లాంటులోకి వదిలించినదీ, ఆపైన సున్నం వేయించినదీ నేను, ఈయన వద్దని చెప్పారు, నేను వినలేదు. ఎ. ఓబులమ్మ, ఎమ్మెస్సీ, రసాయనశాస్త్రం."